మా ఖటారా బండి

కిటికీ పక్కన వేలాడే వెదురు గొట్టంలో ఇప్పుడు కందెన లేదు. అయినా ఎండకు గది వేడెక్కితే, ఆముదంలో గడ్డి మసి కలిపి బాపు బండి ఇరుసుకు పూసే ఆ కందెన వాసన మెల్లగా బయటికొస్తుంది. నేను అవ్వ కట్టిచ్చిన సర్వపిండి ఒళ్లో పెట్టుకుని, ఆదిలాబాద్ దారిలో బండి నిండా ఉన్న తెల్లటి పత్తి మీద కూర్చున్న పదేళ్ల పిల్లనైపోతాను.

అరిగిపోయిన దేన్నైనా మా వైపు ఖటారా అంటారు. ఖటారా సైకిల్, ఖటారా బస్సు. ఎనభైలలో మా ఊళ్లో ఆ మాట మా బండికే ఎక్కువగా దక్కేది. తాత కాలంలో ఏడు బండ్లున్న ఇంట్లో అదొక్కటే మిగిలింది. భూములు పోయినా ఇంటి కట్టు మాత్రం సడలలేదు: ఏటా మొదటి పత్తి పరాయి బండి ఎక్కకూడదు, మొదటి మూట ఇంటి పెద్దే కాంటా మీద పెట్టాలి.

నాకు పదేళ్లున్న ఆ ఏడు, ఆదిలాబాద్ పత్తి మిల్లు ఇంకా అర కోసు దూరముందనగా ఇరుసు విరిగి బండి ఒరిగింది. వెనకే మా భూములు కొన్న రాజన్న ట్రాక్టర్ ఆగింది.

"ఇంకెన్నొద్దులు పటేలా గీ ఖటారా బండి? నా ట్రాక్టర్ల ఎయ్యి."

"నువ్వు పో రాజన్నా. మా పత్తికి తొవ్వ ఎర్కే."

మా ఇంట్లో మగవాళ్లు తల మీద మూట ఎత్తరు. బాపు దుప్పటి పరిచి, పట్టినంత పత్తి కట్టి, తలకెత్తుకున్నాడు. నడుము వంచకుండా నడిచాడు. నన్ను ముందు నడవమన్నాడు. మిల్లు గేటు దగ్గర బండ్ల వరుస నవ్వబోయి ఆగి, పక్కకు జరిగి దారిచ్చింది. కాంటా దగ్గరి మరాఠీ ముసలాయన లేచి నిలబడ్డాడు.

బాపు మూట దించాక, ఆయన నా మొహం చూసి అడిగాడు: "ఎందుకేడుస్తున్నవ్ బేటీ?"

"మా బండిని ఖటారా అన్నరు."

"మా దిక్కు ఖటారా అంటే బరువు మోసే పెద్ద బండి. మోసీ మోసీ పాతగైనంక జనం నవ్వుతరు, గంతే."

ఇప్పుడు ఆ మిల్లు లేదు, బండ్ల వరుస లేదు, బాపూ లేడు. మొన్న మా చిన్నోడు నా స్కూటర్‌ను చూసి ఖటారా అని నవ్వాడు. నేను నవ్వలేదు. గొట్టం దించి, వాడి చేతికిచ్చి, వాసన చూడమన్నాను.