నా అభిమాన నటుడి చొక్కా కొలతలు

పామిడిలో నాకొక చిన్న కుట్టు అంగడి ఉంది. మా ఊళ్ళో రాయి విసిరితే ఏదో ఒక కుట్టుమిషను మీద పడుతుంది కాబట్టి ఇది గొప్పగా చెప్పుకోవలసిన సంగతేమీ కాదు. నాకు నలభై రెండేళ్ళు, పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్ళకు మా అమ్మ జాతకంలో దోషం ఉందని చెబుతుంది. నాకు మగవాళ్ళే నచ్చుతారని పదేళ్ళ కిందటే ఆమెకు చెప్పాను. ఆమె చాటలో ఉన్న శనక్కాయలన్నీ ఒలిచి, తర్వాత "అన్నం తింటావా" అని అడిగింది. ఆ విషయం మీద మా ఇంట్లో జరిగిన చర్చ అంతే.

నేనొక నటుడి అభిమానిని. పెద్ద హీరోను అభిమానించడం మా వైపు చాలా సులువు. మగవాడు ఇరవై అడుగుల కటౌట్ ఎక్కి మరో మగవాడి బొమ్మకు పాలు పోసి, బుగ్గమీద ముద్దు పెట్టి, నా ప్రాణం నీదేనని అరిస్తే దాన్ని భక్తి అంటారు. అదే మాట నేలమీద నిలబడి మెల్లగా ఒక మనిషితో అంటే పంచాయతీ పెడతారు. వానల్లేక పశువుల్ని సంతకు తోలిన ఏడాది కూడా కటౌట్లకు పాలు తక్కువ కాలేదు. ఆ ఒక్క విషయంలో మా జిల్లాకు కరువు తగల్లేదు.

నా నటుడికి ఎవరూ కటౌట్ పెట్టలేదు. మొదట ఆయన ఒక సినిమాలో హీరోగా వచ్చాడు. అది నాలుగు రోజులు ఆడింది, నేను మూడు రోజులు చూశాను. అందులో ఆయన తెల్లచొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి బావిలోంచి నీళ్ళు తోడతాడు. కథ ఏమిటో ఇప్పుడు గుర్తులేదు కానీ మోచేతులు గుర్తున్నాయి.

ఆ తర్వాత ఆయన హీరో స్నేహితుడయ్యాడు. మన సినిమాల్లో అది స్థిరమైన ఉద్యోగం. ఇంటర్వెల్‌కు ముందు హీరో మీదికి వచ్చిన కత్తికి అడ్డం పడి, హీరో ఒళ్ళో తలపెట్టి, చెల్లెల్ని అప్పగించి చనిపోవాలి. ఆ ఒక్క సీను కోసం నేను టికెట్ కొనేవాణ్ణి. ఇద్దరు మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు పట్టుకుని ఏడవడానికి మా తెరమీద అనుమతి దొరికేది అప్పుడే, అదీ ఇద్దరిలో ఒకడు ఐదు నిమిషాల్లో పోతాడన్న హామీ మీద.

తర్వాత మా సీమ మీద సినిమాలు తీసే కాలం వచ్చింది. ఆయన విలన్ తమ్ముడయ్యాడు. తొడకొట్టి, మీసం తిప్పి, మా యాస అనుకుని ఏదో మాట్లాడేవాడు. అది ఏ మండలం యాసో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అయినా క్షమించాను. మోచేతులు ఇంకా అలాగే ఉన్నాయి.

ఆ రోజుల్లో నాకొక జతగాడు ఉండేవాడు. బోరు మోటార్లు బాగుచేసేవాడు, మా ఊళ్ళో పెద్ద హీరో అభిమాన సంఘానికి అధ్యక్షుడు. అతని పెళ్ళి అయ్యేదాకా ఐదేళ్ళు మేమిద్దరం ఏమిటన్నది మాకు మాత్రమే తెలుసు. ఊరంతా మంచి జతగాళ్ళని మెచ్చుకునేది. పెళ్ళయిన తర్వాత కూడా సినిమాలకు మాత్రం కలిసే వెళ్ళేవాళ్ళం.

అట్లా ఒకసారి పెద్ద హీరో కొత్త సినిమాకు అనంతపురం వెళ్ళాం. అందులో నా నటుడు డాన్సు మాస్టరు. గులాబీరంగు చొక్కా, నడుము ఊపుకుంటూ నడక. హీరో కనిపించినప్పుడల్లా చూపుడువేలు కొరుక్కుని "వేడిగా ఉంది బావా" అంటాడు. హీరో తంతాడు. హాలంతా ఈలలు. మళ్ళీ అంటాడు, మళ్ళీ తన్నులు. అందరికంటే గట్టిగా నవ్వింది నా పక్కనున్నవాడే. నవ్వుతూ నా తొడమీద చరుస్తున్నాడు, నా మొహం మాత్రం చూడటం లేదు.

తిరుగు బస్సులో అడిగాడు.

"ఏమప్పా, నువ్వు నగనే లేదే?"

"నగు రాలేదు."

"సినిమానే గదప్పా."

"సినిమానేలే."

ఆ సినిమా హాల్లో యాభై రోజులు ఆడింది, నా మీద మూడేళ్ళు ఆడింది. అనంతపురం జిల్లాలో ఏడాదికి పది నెలలు వేడే కాబట్టి ఆ డైలాగుకు కాలంతో పనిలేకపోయింది. అంగడి ముందు పోయే ప్రతివాడూ "వేడిగా ఉంది బావా" అని వేలు కొరుక్కునేవాడు. నేను ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు, అయినా వాళ్ళకు ఎక్కడో వాసన తగిలినట్టుంది. నా జతగాడు అంగడి వైపు రావడం మానేశాడు. నేను గోడమీది నటుడి ఫోటో తీసేసి ఎరువుల కంపెనీ క్యాలెండరు తగిలించాను.

పోయిన ఏడాది వేసవిలో పెన్న ఇసుకలో ఒక వెబ్ సిరీస్ షూటింగ్ పెట్టారు. వాళ్ళ కాస్ట్యూమ్స్ మనిషి ఎండదెబ్బకు పడిపోయాడట. ప్రొడక్షన్ మేనేజరు నా అంగడికి వచ్చి, "అన్నా, అర్జెంటుగా ఒక చొక్కా సరిచేయాలి, టేపు తీసుకుని రా" అన్నాడు. ఎవరి చొక్కా అని నేను అడగలేదు. క్యారవాన్ తలుపు తీస్తే లోపల ఆయన కూర్చుని ఉన్నాడు.

కొలతలు తీశాను. ఛాతీ నలభై, నడుము నలభై రెండు. తెరమీద ఈ రెండు అంకెలూ తారుమారుగా ఉండేవి. నేను ఒకే కొలత రెండుసార్లు తీయడం చూసి, "కొత్తా?" అన్నాడు.

"లేదు సార్, ఇరవై ఏండ్లుగా కుడతాండా."

ఆయన మంచి ఉత్సాహంగా ఉన్నాడు. "నా కెరీర్‌లోనే కష్టమైన పాత్ర ఇది. రిటైరైన హెడ్మాస్టరు, కానీ మగవాణ్ణి ప్రేమించినవాడు. ఎవరూ ఒప్పుకోలేదు, నేను ధైర్యం చేశాను. మూడు నెలలు రీసెర్చ్ చేశాను" అన్నాడు.

"ఎవరినన్నా కలిసి మాట్లాడినారా సార్?"

"కలవడం ఎందుకు? ఇంటర్నెట్‌లో అంతా ఉంది."

నా చేతికి ఒక చొక్కా ఇచ్చాడు. మెరిసే గుడ్డ, దానిమీద అరచేయంత పూలు. "దీన్ని కాస్త బిగుతుగా పట్టించు. వాళ్ళు అలా వేసుకుంటారు కదా" అన్నాడు.

"ఈ చొక్కా వేసుకోని హెడ్మాస్టరు బెళుగుప్ప పక్క బడికి పోతే పిల్లోల్లు జాతర వచ్చిందనుకుంటారు సార్."

"హెడ్మాస్టర్ల సంగతి కాదయ్యా, వాళ్ళ సంగతి."

"నేనూ వాళ్ళలో ఒకన్నే సార్."

ఇంతకాలం అమ్మకు తప్ప ఎవరికీ చెప్పని మాట, మెడలో టేపు వేసుకుని, ఒక సినిమా నటుడితో అనేశాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. బూడిదరంగు చొక్కా, జేబు మీద సుద్దమరక, ముక్కుమీదికి జారిన కళ్ళజోడు. దేనికోసమో వెతికాడు, దొరకలేదు.

"మరి నీ నడక..." అన్నాడు.

"నడిచే వచ్చినా సార్, బస్టాండు కాడినుంచి."

ఆయనకు నవ్వు రాలేదు. నేను ఆగలేదు. డాన్సు మాస్టరు సినిమా తర్వాత మూడేళ్ళు నన్ను ఎవరూ పేరుతో పిలవలేదని చెప్పాను. ఆయన పూల చొక్కాను మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు.

"అది నాలుగు రోజుల పని. డైరెక్టరు చేసి చూపించాడు, నేను చేశాను" అన్నాడు. చొక్కాను ఒళ్ళో పెట్టుకుని, "మా అబ్బాయి నెలరోజులు స్కూలుకు పోలేదు. వాణ్ణి కూడా ఆ డైలాగుతోనే పిలిచారు" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు కొంచెం సంతోషం కలిగింది, దాచడం ఎందుకు. ఆ వెంటనే సిగ్గేసింది.

"నువ్వయితే ఏం కుడతావు?" అని అడిగాడు.

అంగడికి పోయి, నా దగ్గరున్న బూడిదరంగు గుడ్డతో సాయంత్రానికల్లా మామూలు చొక్కా ఒకటి కుట్టి తెచ్చాను. జేబు కాస్త లోతుగా పెట్టాను, హెడ్మాస్టరు కదా, పెన్ను ఉంటుంది. ఆయన వేసుకుని అద్దంలో చూసుకుంటూ ఇంకోమాట అడిగాడు. "నువ్వు ఇష్టపడ్డ మనిషి ఎదురుగా వస్తే ఎలా చూస్తావు?"

"చూడను సార్. మొగం తిప్పుకుంటా. చూస్తే తెలిసిపోతాది గదా."

మర్నాడు పొద్దున షాట్ నేను కళ్ళారా చూశాను. ఇసుకలో, హెడ్మాస్టరు ఇష్టపడ్డ మనిషి వేషం వేసిన నటుడు నడిచి వస్తున్నాడు. ఈయన ఎండ కంట్లో పడ్డట్టు మొహం పక్కకు తిప్పి, కాలరు సర్దుకున్నాడు. అంతే చేశాడు. నేను క్యారవాన్ వెనక్కి పోయి కళ్ళజోడు తుడుచుకున్నాను. దర్శకుడు బాగుందని మెచ్చుకుని, ఇదే సీను కన్నీళ్ళతో ఇంకోసారి చేద్దామన్నాడు.

సిరీస్ వచ్చింది. అదృష్టం కొద్దీ కన్నీళ్ళది తీసేసి ఇదే ఉంచారు. కానీ నాలుగో ఎపిసోడ్‌లో హెడ్మాస్టరు బావిలో దూకాడు. మాలాంటివాళ్ళు చివరి ఎపిసోడ్ దాకా బతికితే జనం బెంబేలెత్తుతారేమో. అమ్మ, నేను ఫోన్లో కలిసే చూశాం. అయిపోయాక ఆమె ఫోను నా చేతికిచ్చి అడిగింది.

"ఆయప్పను యాలరా చంపినారు?"

"తెలీదుమా."

"బాగుండె గదా మనిషి. పింఛను గూడా వస్తాండె."

ఇంటర్వ్యూల్లో ఆయన, క్షేత్రస్థాయికి వెళ్ళి అధ్యయనం చేశానని చెప్పుకున్నాడు. క్షేత్రం అంటే నేనే. పామిడిలో ఒక టైలరు ఆ చొక్కా కుట్టాడని కూడా అన్నాడు, నా పేరు మాత్రం గుర్తురాలేదన్నాడు. నేను చెబితే కదా గుర్తుండటానికి.

తర్వాత నెలకు ఒక మనిషి అంగడికి వచ్చాడు. యాభైకి దగ్గర్లో ఉంటాడు, ఖాకీ చొక్కా, కళ్యాణదుర్గం వైపు బస్సుల్లో కండక్టరు.

"హెడ్మాస్టరు చొక్కా కుట్టింది నువ్వేనా అన్నా? పొద్దున్నుంచీ పదకొండు అంగళ్ళు తిరిగినా."

"నేనే. యాల?"

"నాకట్లాంటిదే ఒకటి కావాల." బయట రోడ్డు వైపు చూశాడు. "ఆయప్ప మొగం తిప్పుకునేది చూసినావా?"

"చూసినా."

"నేను నాలుగుసార్లు చూసినా."

టీ తెప్పించాను. ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగితే, ఎవరూ లేరన్నాడు. కొలతలు తీసుకుంటుంటే ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఊపిరి వదలమని చెప్పాను, లేకపోతే చొక్కా బిగుతవుతుంది.

ఇప్పటికి ఆ కండక్టరుకు నాలుగు చొక్కాలు కుట్టాను. మనిషి కొలతల్లో అరంగుళం తేడా కూడా లేదు. అయినా ప్రతిసారీ టేపు తీస్తున్నాను, ఆయన కూడా అనవసరమని అనడం లేదు.