తోడికోడళ్ళ కోత మిల్లు

ఎడారి అంచున ఉన్న ఆ కోత మిల్లులో రంపం పెద్దకోడలిది, ఆరబెట్టే కొట్టం చిన్నకోడలిది. అన్నదమ్ములిద్దరూ లారీ వేసుకుని ఎండిన వాగుల వెంట తిరిగి తుమ్మ దుంగలు తెచ్చి పడేసేవాళ్ళు. ఆ తర్వాత వాటి మంచిచెడ్డలన్నీ ఆడవాళ్ళవే.

పెద్దకోడలు దుంగ చుట్టూ రెండుసార్లు తిరిగి, మొదటి కోత ఎక్కడ పడాలో చెప్పేసేది. ఆ తుమ్మ ఇనుముకు తమ్ముడు. గంటకోసారి రంపం మొండిబారేది. అయినా ఆమె గీసిన గీత తప్పేది కాదు.

చిన్నకోడలికి ఆ కన్ను లేదు. కొత్తలో బీటలు వారకుండా పలకల కొసలకు మైనం పూయమని పెద్దకోడలు పురమాయిస్తే పూసింది. పలకకూ పలకకూ మధ్య బద్దలు పెట్టి దొంతర పేర్చడం, పైన రాళ్ళెత్తడం, వేడిగాలి కొట్టే వైపు గోనెపట్టాలు కట్టడం తనంతట తానే నేర్చుకుంది. ప్రతి దొంతరలోనూ అదే దుంగలోంచి కోసిన మూరెడు ముక్కను ఉంచి, వారానికోసారి కాటా మీద తూచి, బరువు సుద్దతో దాని మీదే రాసేది. బరువు తగ్గుతోందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

"పురిటిబిడ్డను తూచినట్టు తూస్తావేంటే?" అని నవ్వేది పెద్దకోడలు.

"బిడ్డ పెరగాలక్కా, ఇది తగ్గాలి."

ఒక ఏడాది, పదేళ్ళుగా నిలువునా ఎండిపోయి నిలబడిన మాను ఒకటి దొరికింది. దాన్ని కోస్తే రెండు వెడల్పాటి పలకలు వచ్చాయి. గ్రంథాలయం వాళ్ళు అప్పటికే చదువుకునే బల్ల కావాలని అడిగి ఉన్నారు. నాలుగు నెలలు గడిచాయి.

"పదేళ్ళు ఎండలో మాడిన మానును నువ్వు నీడలో కొత్తగా ఏం ఆరబెడతావు? ఆలస్యం అమృతం విషం," అంది పెద్దకోడలు.

"పైపైనే ఎండిందక్కా. ముక్క బరువు ఇంకా దిగుతోంది. నిదానమే ప్రధానం."

"నీ సామెత నీ దగ్గరే ఉంచుకో."

పెద్దకోడలు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. ఒక పలక బల్లయి వెళ్ళిపోయింది. రెండోదాన్ని చిన్నకోడలు కదలనివ్వలేదు.

మూడు నెలలకు గ్రంథాలయం ఆవిడ వచ్చింది. "అందరూ చదువుకుంటుంటే ఫట్‌మని పగిలిందండీ. ఒక పెద్దాయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. దెబ్బ తగల్లేదు గానీ, మళ్ళీ ఆ గదిలో అడుగు పెట్టనంటున్నాడు."

పెద్దకోడలు రంపం ఆపి, చేతులు తుడుచుకుంది.

తోడికోడళ్ళిద్దరూ లారీలో వెళ్ళారు. బల్ల అంచులు పడవలా పైకి లేచాయి. మధ్యలో వేలు దూరేంత బీట. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా పెద్దకోడలు ఒక్క మాట కోసం కాచుకుంది. ఆ మాట రాలేదు.

"అనవే, అనేయి. కడుపులో ఎందుకు దాచుకుంటావు?" అంది చివరికి.

"అనడానికేముందక్కా? ఒక కొసన మైనం పలచగా పూశాను. సన్నబీట అక్కడే మొదలై ఉంటుంది. నేనే చూసుకోలేదు."

పెద్దకోడలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

రెండో పలక ఆరడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. అంతకాలం చదువరులు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని చదువుకున్నారు. గ్రంథాలయం ఆవిడ నెలనెలా వచ్చి సణిగేది. ఆమెకు జవాబు చెప్పింది పెద్దకోడలే.

"మా చెల్లి ఊఁ అంటేనే పలక కదులుతుంది. నన్నడిగి లాభం లేదు."

ఆ రెండో పలకతో బల్ల వేసి ఏడేళ్ళయింది. ఇంతవరకు వంగలేదు. పెద్దకోడలి భుజం పట్టేయడంతో రంపం ఆమె మరిది చేతికి వచ్చింది. ఆమె పక్కన కుర్చీ వేసుకుని అతని కోతలకు వంకలు పెడుతూ ఉంటుంది. మిల్లులో ఇప్పుడు ఎవరికీ ఫలానా తేదీకి ఇస్తామని చెప్పరు. తొందర ఉన్నవాళ్ళను అవతలి వీధి మిల్లుకు వెళ్ళమంటారు. దారి కూడా చెబుతారు.