మే నెల రీడింగ్

నా పేరు మీద అచ్చయిన పరిశోధనా పత్రాలు పదకొండు. వాటిలో పదింటిని ఇంట్లోవాళ్లు కూడా చదవలేదు, చదవమని నేనూ బతిమాలలేదు. ఒక్కటి మాత్రం దేశాలు తిరిగింది. దాని సంగతే ఇది.

డెబ్బైల చివర్లో కొత్తగూడెం దగ్గర ఒక కాలేజీలో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పేవాణ్ణి. నెలకొక ఆదివారం మీటర్ సంచీ భుజాన వేసుకుని టేకులపల్లి అడవి వైపు బస్సెక్కేవాణ్ణి. అక్కడ ఆరు ట్రాన్స్‌ఫార్మర్లకు ఎర్త్ గోతులు కొలిచేవాణ్ణి. లీకైన కరెంటు మనిషినో గొడ్డునో పట్టుకోకుండా నేలలోకి దిగిపోవాలంటే ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఆ గొయ్యి బాగుండాలి. రీడింగ్ ఎంత తక్కువ వస్తే అంత మంచిది, నేల ఎండితే అది పెరుగుతుంది.

నాకు తోడు వచ్చేది లైన్ హెల్పరు. పక్క కోయగూడెం మనిషి, నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. పొలం, ఒక ఎడ్ల జత, ఈ కాంట్రాక్టు పని, అంతే అతని బతుకు. నేను మీటర్ పిడి తిప్పుతుంటే తీగలు పట్టుకుని మాట్లాడకుండా నిలబడేవాడు.

ఏడాదంతా కొలిచాను. మే నెలలో కూడా రీడింగ్ పెద్దగా పెరగలేదు. నా ఆనందం చెప్పనలవి కాదు. టేకు ఆకు కప్పిన నేల ఎండలోనూ తడి నిలుపుకుంటుందనీ, అలాంటిచోట ట్రాన్స్‌ఫార్మర్‌కు మామూలుగా తవ్వే రెండో గొయ్యి దండగనీ రాశాను. విదేశీ పత్రిక వేసుకుంది. కాపీ పంపమని ఎక్కడెక్కడి నుంచో కార్డులొచ్చాయి. ఎవరి పేపర్‌ను ఎవరు ప్రస్తావించారో లెక్కగట్టే లావుపాటి పుస్తకాలు హైదరాబాద్ లైబ్రరీలో ఉండేవి. ఏటా వెళ్లి, చీమతలకాయంత అక్షరాల్లో నా పేరు కింద చేరిన కొత్త పేర్లు వేలు పెట్టి చదువుకునేవాణ్ణి. సిగ్గెందుకు, రెండేసిసార్లు చదువుకునేవాణ్ణి.

మూడేళ్లకు కాలేజీ కొత్త మీటర్ కొంది. సరిచూసుకుందామని మే నెలలో చెప్పాపెట్టకుండా వెళ్లాను. అదే గొయ్యి, రీడింగ్ మూడింతలు! మీటర్ చెడిందనుకుని తిట్టుకుంటూ పక్క ట్రాన్స్‌ఫార్మర్ గొయ్యి కొలిచాను. అక్కడా అంతే. ఇంతలో హెల్పరు పరుగున వచ్చాడు.

“గిదేంది సార్, కబురు లేకుండ వచ్చిన్రు? నీళ్లు పొయ్యకపోతిని.”

“నీళ్లేంటి?”

“మీరొచ్చే ముందురోజు పోసేటోణ్ణి గద సార్. వాగుల నుంచి కావడేసుకొని తెచ్చి, గొయ్యికి నాలుగు కుండలు. పెద్దసార్లు చెకింగ్‌కు వస్తే గట్లనే పోస్తం. మీరు గంత దూరం నుంచి వస్తున్రు, రీడింగ్ మంచిగ రాకుంటె ఎట్ల?”

అతని ముఖంలో దాపరికం లేదు. పైగా ఈసారి పోయలేకపోయానన్న బాధ ఉంది. నాకు కోపం రావాలి, రాలేదు. అడగని బుద్ధి నాది. సంచీ సర్దుకుని బస్సెక్కాను. దారిలో ఏం ఆలోచించానో ఇప్పటికీ గుర్తు లేదు.

రెండు వారాల్లో ప్రొఫెసర్ పోస్టుకు ఇంటర్వ్యూ. మీ ముఖ్యమైన పని ఏదని అడిగారు. ఆ పేపర్ పేరే చెప్పాను. దాన్ని ఎంతమంది ప్రస్తావించారో కూడా చెప్పాను. పోస్టు వచ్చింది. కాలేజీలో దండ వేశారు, మెడ దురద పెట్టింది.

ఆ తర్వాతే, ఆ రీడింగులు నీళ్లు పోసిన గోతులవని పత్రికకు సవరణ రాశాను. ముందు రాసి ఉండొచ్చు, రాయలేదు. అరపేజీ. పత్రిక చివర ఎక్కడో మూల వేశారు. మరుసటేడు లైబ్రరీలో చూస్తే పాత పేపర్ కింద మళ్లీ కొత్త పేర్లు. సవరణ కింద ఒక్కటీ లేదు. ఆ మరుసటేడూ అంతే.

ఈలోగా అడవి ఊళ్లకు కొత్త లైన్లు పడుతున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక్క గొయ్యే తవ్వుతున్నారని విని సవరణ పట్టుకుని అక్కడి ఇంజనీరు దగ్గరికి వెళ్లాను. మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు.

“మీ పేపర్ చూసే డిజైన్ చేసినం సార్. దాన్ని అంతమంది ఒప్పుకున్నరు. ఈ అరపేజీని ఎవరు ఒప్పుకున్నరో చెప్పండి, పైకి రాస్త.”

చెప్పడానికి నా దగ్గర ఒక్క పేరూ లేదు. నా పేరు సరిపోదా అని అడగాల్సింది. లేచి వచ్చేశాను. నా పని నేను చేశానని చేతులు దులుపుకున్నాను.

ఆ ఎండాకాలమే ఒక పొద్దున హెల్పరు మా క్వార్టర్‌కు వచ్చాడు. అంతకుముందెప్పుడూ రాలేదు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

“ఎడ్లు పోయినయ్ సార్. రెండూ. బండి కట్టుకొని పోతుంటె ఒకటి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పోలుకు ఒళ్లు రుద్దుకున్నది. కాడి మీదనే పడ్డయ్.”

 అతనే మళ్లీ అందుకున్నాడు.

“తప్పు నాదే సార్. ఆ గొయ్యికి నీళ్లు పొయ్యకపోతిని. వాగు ఎండింది.”

నీది కాదయ్యా అన్న మాట నోటిదాకా వచ్చింది. అంటే, మరెవరిదని అడుగుతాడు. లోపలికి రమ్మని, టీ తాగి వెళ్లమన్నాను.