తలుపుకు అవతల మామగారి చేయి

ముందుగా నా దస్తూరికి, తప్పులకు మన్నించమని అడుగుతున్నాను. నేను చెన్నూరులో నాలుగో తరగతి దాకే చదివాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ అనుమానమే.

మా మామగారు పోయారు. బెల్లంపల్లిలో ఉన్న మీ అందరికీ తెలిసిన సంగతే. అయినా ఇది రాయకుండా మిగతాది రాయలేకపోతున్నాను. తెల్లవారుజామున మొదటి షిఫ్టు సైరన్ మోగింది. చెవులు పూర్తిగా పోయిన తర్వాత కూడా ఆయన ఆ వేళకు తనంతట తానే లేచి కూర్చునేవారు. ఆ రోజు లేవలేదు. అత్తమ్మ ఆయన చేయి పట్టుకుని చూసింది. నా వైపు తిరిగి, "పొయ్యి ముట్టియ్యకు బిడ్డా" అని మాత్రం అన్నది. నాకు అర్థమైంది.

కర్మలు అయిపోయాక మన పఠన మందిరం వాళ్లు కబురు పంపారు. చేత్తో రాసి పెట్టే లిఖిత పత్రికకు మామగారి గురించి ఇంట్లోవాళ్లు ఎవరైనా నాలుగు మాటలు రాసివ్వాలని. మా ఆయన తెల్ల కాగితాలు తెచ్చి నా ముందు పెట్టారు.

"నాతోని కాదు. నువ్వు రాయి."

"నేనా? పెద్దోళ్లు చదివే పత్రికల నేనేం రాస్త?"

"మరి ఇన్నేండ్లు రాసిందెవరు?" అన్నారు.

ఆ మాట మీకు చెప్పాలి. మామగారి పాటలు మీ దగ్గరికి వచ్చిన కాగితాల మీద ఉన్న వంకర అక్షరాలు ఆయనవి కావు, నావి. ఆయన నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివారు. తెలుగు కూడబలుక్కుని చదివేవారు కానీ రాయడం వచ్చేది కాదు. తెలుగు పాటనే ఉర్దూ అక్షరాల్లో, కుడి నుంచి ఎడమకు రాసుకునేవారు. "చీమలు ఎన్కకు నడుస్తున్నయి" అని అత్తమ్మ నవ్వేది. పఠన మందిరంలో మీరు నా దస్తూరి చూసి ఎగతాళి చేస్తే, "ల్యాంపు రూముల పనిజేసెటోని రాత మసిమసిగనే ఉంటది" అని మీతో పాటు నవ్వేవారట. నా మాట ఎత్తలేదు. ఎత్తితే నేను మళ్లీ కలం ముట్టనని ఆయనకు తెలుసు. నా సిగ్గును కూడా ఆయనే మోశారు.

వయసులో ఉన్నప్పుడు ఆయన బొగ్గుబాయిలో మందు పెట్టి బొగ్గు పేల్చే పని చేశారు. ఆ చప్పుళ్లకు ముందు ఎడమ చెవి పోయింది. అప్పుడు ల్యాంపు రూముకు మార్చారు. బాయి దిగేవాళ్లకు తలదీపాలు ఇవ్వడం, ఎక్కి వచ్చాక తీసుకుని తుడిచి పెట్టడం. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటే ఆయనకు ఇంకో పని మొదలయ్యేది. కొత్త సినిమా వస్తే ఒక్కసారి చూసి, హాలు బయట అమ్మే పాటల పుస్తకం కొనుక్కొచ్చేవారు. నచ్చిన పాటలోని మాటలు తీసేసి, ఆ వరుస మీద తన మాటలు కట్టేవారు. మా క్వార్టర్ల లైనులో పెండ్లయినా, పుట్టువెంట్రుకలు తీసినా, ముసలాయన ఎవరైనా పని నుంచి దిగిపోతున్నా, ఆ ఇంటికి మామగారి పాట వెళ్లేది. ఎవరూ అడగకపోయినా వెళ్లేది. సినిమా వరుస మీద కట్టుడేందని ఎవరో అంటే, "వరుస పొయ్యి అసోంటిది. అది అందరిది. గిన్నె మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చి పెట్టుకోవాలె" అన్నారు.

నేను కాపురానికి వచ్చినప్పుడు ఈ సంగతులేవీ తెలియవు. మా దిక్కు ఏ కోడలూ మామతో ఎదురుగా మాట్లాడదు. ఆయన ముందు మంచం మీద కూర్చోదు, తల మీద కొంగు తియ్యదు. నేను అసలే భయస్తురాలిని. ఆయన ముందర గదిలో ఉంటే నేను వంటింట్లో, ఆయన వంటింటి దగ్గరికి వస్తే నేను వెనక వాకిట్లో. మధ్యలో ఒక చెక్క తలుపు. అది ఎప్పుడూ సగం వేసే ఉండేది.

సాయంత్రం మొదటి ఆట ముందు సినిమా హాలు మీది హారన్‌లో పాటలు వేస్తారు కదా. గాలి ఇటు తిరిగితే మా లైను దాకా వినబడతాయి. నేను చూసినవి రెండే సినిమాలు. కానీ రొట్టెలు చేస్తూ వినీ వినీ వరుసలన్నీ నోటికి వచ్చేశాయి. ఒకరోజు అలాగే కూనిరాగం తీస్తున్నాను. తలుపు అవతల నుంచి మామగారి గొంతు.

"ఇంట్ల ఎవరన్న ఉన్నరా?"

"లేరు, దయ్యాలున్నయి" అన్నది అత్తమ్మ, బియ్యం చెరుగుతూ.

"గా దయ్యానికి చెప్పు. రెండో చరణం ఎత్తుకున్న కాడ వరుస యాడ మల్లుతదో నాకు అందుతలేదు. జర మల్లొక్కసారి అనుమను."

నా చేతిలో రొట్టె పెనం మీద పడకుండా పొయ్యిలో పడింది. అత్తమ్మ నన్ను చూసి, "అను పిల్లా. ఆయన నిన్ను చూస్తలేడు, నువ్వు ఆయనను చూస్తలేవు. తలుపుతోని చెప్తున్ననుకో" అన్నది. తలుపు వైపు వీపు పెట్టి, మాటలు లేకుండా వరుస ఒక్కటే అన్నాను. అవతల నుంచి, "మా దయ్యానికి మంచి చెవులున్నయి" అన్నారు. అత్తమ్మ చాటలో బియ్యం ఒలికేదాకా నవ్వింది.

అట్లా మొదలైంది. హారన్‌లో విన్న కొత్త వరుస నేను తలుపుకు చెప్పేదాన్ని, తలుపు ఆయనకు చెప్పేది. పాట కట్టడం అయిపోతే ఆయన వీధి వైపు తిరిగి కూర్చుని చదివేవారు, నేను తలుపు వెనక తెలుగులో రాసుకునేదాన్ని. చెవి తక్కువ కాబట్టి గొంతు ఎక్కువ. లైనంతా వినబడేది. ఎదురింటి చెల్లవ్వ, "ఏందే, పాట రాస్తున్నడా, పంచాతి జేస్తున్నడా?" అని అరిచేది. ఆయనకు అదీ వినబడేది కాదు.

ఆయన బాయి దిగేవాళ్ల తలదీపాల మీద కట్టిన పాట మీలో కొందరికి నోటికి వచ్చు.

నీ నెత్తి మీది సుక్క నీకు కానరాదు
ఎదురొచ్చెటోనికి అదే తొవ్వయితది

ఆ రోజు రాస్తూ రాస్తూ ఇక్కడ నేను తలుపుకు ఊ కొట్టకుండా ఆగిపోయాను. "ఏమాయె? కలం ఇరిగిందా?" అని అడిగారు. ఏమీ కాలేదని అత్తమ్మతో చెప్పించాను. పాట బాగుందని చెప్పించాల్సింది. అప్పుడు తోచలేదు. ఎప్పుడైనా చెప్పొచ్చు అనుకున్నాను.

నాకు బిడ్డ కడుపున పడ్డ ఏడు ఆయన కుడి చెవి కూడా తగ్గడం మొదలైంది. నేను గొంతు కొంచెం పెంచినా అందేది కాదు. అప్పుడు ఆయనే ఒక ఉపాయం చేశారు. అరచేయి తలుపు చెక్కకు ఆనించి, "వేళ్లతోని కొట్టుమను" అన్నారు. నేను ఇవతల వేలి కణుపులతో వరుస నడక కొట్టేదాన్ని. అవతల ఆయన చేతికి అది అందేది. ముందే విన్న పాట అయితే చెక్క మీద దెబ్బలతోనే మొత్తం గుర్తు తెచ్చుకునేవారు.

బిడ్డ పుట్టింది. తొట్టెలలో వేసే రోజు కోసం మామగారు ఒక పాట కట్టారు. ఆయనకు అన్నింటికంటే ఇష్టమైన వరుస మీద, ఆ ఏడంతా హారన్‌లో రోజూ వచ్చిన వరుస మీద. పాట రాయించాక కూడా అక్కడి నుంచి లేవలేదు.

"ఇగో," అన్నారు అత్తమ్మతో, "ఇన్నేండ్లు నా మాటలు అందరి నోట్ల ఇన్న. కోడలు నోట్ల ఇనలే. ఆమె వరుస చెప్తది, మాట అనదు. తొట్టెల నాడు ఈ పాట ఆమెను గొంతెత్తి పాడుమను. చెవుల ఇంక గింతంత సందున్నది. అది మూసుకపోకముందు ఒక్కసారి ఇంట."

"నువ్వే చెప్పరాదు, తలుపు ఎన్కనే ఉన్నది."

"నేను చెప్తె బెదురుతది."

ఆయన అడిగింది అదొక్కటే. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. పాట మొత్తం వచ్చు. గిన్నెలు తోముతూ పాడుకున్నాను, బిడ్డకు పాలిస్తూ పాడుకున్నాను. ఎవరూ లేనప్పుడు గొంతు బాగానే లేచేది.

పొద్దు గూకినంక తాత ఇంకో పొద్దు దెస్తడు
ఊగు నా తల్లి, నీకు యాళ యాడిది

తొట్టెల నాడు ఇల్లంతా ఆడవాళ్లు. మామగారు బనియను మీద ఉతికిన కమీజు వేసుకుని, కుడి చెవి ఇటు పెట్టి, గడపకు దగ్గరగా కూర్చున్నారు. అత్తమ్మ నా భుజం మీద చేయి వేసి, "ఊ, ఎత్తుకో" అన్నది. నేను నోరు తెరిచాను. అందరూ నా మొహం చూశారు. గాలి తప్ప ఏమీ రాలేదు. అంతలో చెల్లవ్వ, "దానికి సిగ్గయితుంది తియ్యుండ్రి" అని తనకు వచ్చిన పాత ఉయ్యాల పాట ఎత్తుకుంది. అందరూ కలిశారు. ఒకటే హోరు.

మామగారు ఆ హోరును తల ఊపుతూ విన్నారు. అందరూ వెళ్లాక అత్తమ్మను అడిగారు.

"కోడలు మంచిగ పాడిందా?"

అత్తమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"పాడింది. శాన మంచిగ పాడింది."

ఆయన మొహం వెలిగింది. "నాకు సరిగ ఇనరాలే. గుంపుల కలిసిపోయింది. మల్లోసారి ఒక్కతే పాడితె ఇంట," అన్నారు. మళ్లీ ఆయనే, "తొందరేం లేదు తియ్యి" అన్నారు.

ఆ మల్లోసారి రాలేదు. పాడాలని రోజూ అనుకునేదాన్ని. ఈ రోజు ఆడబిడ్డ వచ్చింది, రేపు. రేపు చెల్లవ్వ వాకిట్లోనే ఉంది, ఎల్లుండి. వానలు పడేనాటికి ఆ సందు కూడా మూసుకుపోయింది. సైరన్ వినబడటం లేదని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆకాశం చూసి లేచేవారు. కొత్త వరుసలు ఇక అందవు కాబట్టి పాత వాటి మీదే కట్టేవారు. చేయి తలుపు మీద పెట్టి కూర్చుంటే నేను వచ్చి కొట్టేదాన్ని. ఒక్కోసారి పని మీద ఉండి ఆలస్యమయ్యేది. ఆ చేయి అక్కడే ఉండేది. దగ్గు ఎక్కువై మంచం పట్టాక, ఆ మంచాన్నే తలుపు దగ్గరికి జరిపించుకున్నారు. పోవడానికి ముందు రోజు సాయంత్రం కూడా చేయి ఎత్తి చెక్కకు ఆనించారు. తొట్టెల పాట కొట్టాను. మధ్యలో చేయి జారింది. నిద్ర పట్టిందనుకున్నాను.

ఆయనను ముందర గదిలో పడుకోబెట్టాక లైనులోని ఆడవాళ్లంతా వచ్చారు. మా దగ్గర శవం ముందు ఊరికే ఏడ్వరు, రాగం తీసి, పోయినవాళ్ల మంచి చెప్పుకుంటూ ఏడుస్తారు. ఇంటి కోడలు ఏడ్వకపోతే తప్పు పడతారు. అత్తమ్మ ఏడ్చింది, ఆడబిడ్డ ఏడ్చింది. అందరూ నా వైపు చూశారు. తొట్టెల నాటి లాగే. ఆయన ముందు మొదటిసారి కూర్చున్నాను. నా చేయి తెలియకుండానే ఆయన పక్కన నేల మీద కొడుతున్నది. నోరు తెరిచాను. గొంతు వచ్చింది.

పొద్దు గూకిందాయె మామా, ఇంకో పొద్దు ఏదాయె

ఆ మాటలు నావి. ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు. వరుస మాత్రం ఏడుపు రాగం కాదు, తొట్టెల పాటది. హారన్‌లో రోజూ వచ్చిన సినిమా వరుసది. సగం దాకా వెళ్లాక గాని నాకే తెలియలేదు. ఆడవాళ్ల ఏడుపు ఆగిపోయింది.

"ఇదేం ఏడుపే! పీనిగె ముందట సినిమ పాటా?" అన్నది చెల్లవ్వ.

ఆపబోయాను. అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఉండనియ్యి చెల్లవ్వా. ఆయనకు గా వరుసనే ఎరుక." తర్వాత నా చెవి దగ్గరికి వంగి అన్నది: "నాడు పాడిందని ఆయనకు అబద్ధం జెప్పిన. ఇయ్యాల దాన్ని నిజం జెయ్యి బిడ్డా. గట్టిగ పాడు."

పాడాను. లైనంతా వినేట్టు పాడాను. మా ఆయన బయట నుంచి లోపలికి వచ్చి నిలబడ్డారు. ఎవరు చూస్తున్నారో నాకు గుర్తు లేదు. వినవలసిన మనిషి ఒక్కరు తప్ప అందరూ విన్నారు.

మొన్న మా ఆయన ఇంటికి సున్నం వేసి, తలుపుకు ఆకుపచ్చ రంగు వేయబోయారు. మామగారు చేయి ఆనించిన చోట చెక్క నల్లబడి, నున్నగా ఉంది. "గా జాగ ఇడిచిపెట్టి ఎయ్యి కొడుకా" అన్నది అత్తమ్మ. అట్లాగే వేశారు.

నిన్న సాయంత్రం గాలి ఇటు తిరిగింది. హారన్‌లో కొత్త పాట. నేను ఎప్పుడూ వినని వరుస, చాలా బాగుంది. రొట్టె పెనం మీద ఉండగానే నా వేళ్లు తలుపు దగ్గరికి వెళ్లాయి. మొదటి చరణం దాకా కొట్టి ఆగాను. రెండోది ఎక్కడ మళ్లుతుందో అడిగేవాళ్లు లేరు.

దీన్ని మీరెవరైనా మంచి దస్తూరితో పత్రికలోకి ఎక్కించుకోండి. తర్వాత ఈ కాగితాలు పొయ్యిలో వేసేయండి. చావు కబురు మోసిన కాగితం ఇంట్లో ఉంచకూడదని మీకూ తెలుసు. ఇన్నాళ్లు ఆయనవనుకుని మీరు చూసిన నా వంకర అక్షరాలు కూడా, పాటలు వేరే కాగితం మీదికి దించుకున్నాక, వీటితోనే పోనీయండి. తలుపు మీద ఆ రంగు వేయని చోటు మాకు చాలు.