తళతళల జాలీ

మా తాతయ్య లారీ నడుపుతాడు. ట్రిప్పు నుంచి రాగానే దాని ముందు భాగాన్ని కడిగేది మాత్రం మా అమ్మమ్మ. బంపరుకు అంటుకుని ఎండిపోయిన పురుగుల్ని గోకీ గోకీ, ఆ పూట ఆవిడకు అన్నం సహించేది కాదు.

అలాంటి మనిషిని తాతయ్య లారీ సోకుల షాపుకు తీసుకెళ్లి, ముందువైపు బిగించే తళతళలాడే స్టీలు జాలీ ఒకటి చూపించాడు. అమ్మమ్మ దాని కన్నంలో వేలు పెట్టి మొహం చిట్లించింది.

"ఛీ! ఇందులో ఇరుక్కున్న పురుగుల్ని ఎవరు పీకుతారు?"

"బ్రష్ ఫ్రీగా ఇస్తామమ్మా," అన్నాడు షాపాయన.

"అయితే అది ఆయన చేతికే ఇవ్వండి."

"ఓస్, అంతేనా!" అని తాతయ్య మీసం దువ్వుకుని, ముందున్న పాత ఇనుప కమ్మీలు తీయించి జాలీ బిగించుకున్నాడు.

మొదటి ట్రిప్పు నుంచి వచ్చి, బ్రష్ పట్టుకుని జాలీ ముందు కూర్చున్నాడు. కన్నాల నిండా మిడతల కాళ్లు, రెక్కలు, పచ్చటి జిగురు. మా వీరుడు కడుపులో పేగులు బయటికొచ్చేలా ఓకరించాడు.

"ఏమేవ్, ఒక్కసారి ఇటు రావే!"

"నాకు వినపడట్లేదండీ," అంది అమ్మమ్మ వరండాలోంచి.

సాయంత్రానికల్లా లారీకి పాత కమ్మీలే మళ్లీ ఎక్కాయి. కొత్త జాలీ మీద ఇప్పుడు మా చెప్పులు ఆరుతున్నాయి. బ్రష్ మాత్రం తాతయ్య ఎన్నిసార్లు ఇవ్వబోయినా అమ్మమ్మ తీసుకోలేదు.