కల్వర్టు మీద చోటు

చీపురుపల్లి అవతల పురికొస మిల్లు ఆటస్థలం పక్కన ఒక కల్వర్టు ఉంది. దాని గోడ మీద ఆరుగురు హాయిగా కూర్చోవచ్చు, ఇరుక్కుంటే ఏడుగురు. ఆ ఏడో చోటులో కృపానిధి ఇరవై రెండేళ్లు కూర్చున్నాడు. అక్కడ సిమెంటు అతని ఆకారానికి గుంట పడిందనీ, వాన కురిస్తే ముందుగా నీళ్లు నిలిచేది అందులోనేననీ మిల్లు జనం చెప్పుకునేవారు.

ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు మిల్లు ఫుట్‌బాల్ జట్టు మైదానంలో దిగేది. కల్వర్టు మీద తిట్లు మొదలయ్యేవి. తిట్టకుండా ఎలా ఉంటారు? ఆ జట్టు ఒక ఆదివారం ఎంత గొప్ప జట్టునైనా నాలుగు గోలులతో ఏడిపించి పంపేది. తరవాతి ఆదివారం తీరుబడిగా ఐదు గోలులు తినేది. ఆ పై ఆదివారం హైస్కూలు పిల్లలతో ఆడినా ఒక్క గోలు కొట్టలేకపోయేది. రెండువేల పద్నాలుగు ప్రపంచ కప్పులో బ్రెజిల్ ఏడు గోలులు తిన్న మర్నాడు ఊరంతా నోరెళ్లబెడితే, కల్వర్టు మీదివాళ్లు మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. వాళ్లకది అలవాటైన విషయం. ఆ ఏడాదే హుద్‌హుద్ తుఫానుకి ఎగిరిపోయిన గోలుపోస్టు నెల్లిమర్ల దగ్గర చెరుకు తోటలో దొరికింది. అంతదూరం మన జట్టు బంతి కూడా ఎప్పుడూ పోలేదని కృపానిధి అన్నాడు.

ఈ తిట్లన్నీ పదకొండేళ్లుగా మోస్తున్నది కోచ్ థామస్ మేస్టారు. మిషను స్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి. గీత పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు, వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. ఆయన మౌనం కృపానిధికి మరీ ఒళ్లు మండించేది.

"ఓ మేస్టారూ! ఆడు ఎడం పక్కన ఖాళీగా ఉన్నాడు, మీ కళ్లకి అవుపడ్డం నేదేటి? మా ఆవిడికిచ్చినా ఇంతకన్నా బాగా ఆడిస్తాది!"

పక్కనున్న గణపతిరావు తొడ చరిచి నవ్వేవాడు. గణపతిరావు తాతల నాటి వరిపొలం చేసుకుంటూనే మిల్లులో కృపానిధితో ఒకే బ్యాచీలో పని చేసేవాడు. చర్చి మనిషి కాకపోయినా కృపానిధికి వరస కలుపుకున్న బావ. గొంతులో మిల్లు సైరనుకి పోటీ.

రెండువేల పదిహేడు కోత పండుగ నాడు అంతా తారుమారైంది. ఆ రోజు విశ్వాసులు దేవుడికి తెచ్చిన కానుకలను ఆరాధన తరవాత చర్చి ముందు వేలం వేస్తారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్లు, ఒక మేకపిల్ల. పాట పెంచడమే అక్కడ పండుగ. ఈసారి ఆ బల్ల మీద, గుమ్మడికాయకి ఆనించి, థామస్ మేస్టారు తన విజిలు పెట్టి పోయి కూర్చున్నాడు.

వేలం వేసే సంఘపెద్ద దాన్ని ఎత్తి చూపించాడు. "మేస్టారు తన పదవి దేవుడికి కానుకిచ్చేసినారు. ఎవులు పాడుకుంటే ఆలే ఏడాది పాటు కోచ్!"

అందరూ నవ్వారు. కృపానిధి నవ్వుతూనే చెయ్యెత్తాడు, సరదాకి. కోడి కూర కోసం ఏటా వచ్చే గణపతిరావు వెనక నుంచి పాట పెంచాడు, అదీ సరదాకే. కృపానిధికి రోషం వచ్చింది. కృపానిధి భార్య లీలారాణి అతని చొక్కా వెనక నుంచి లాగింది.

"షీబా నాన్నా, సెయ్యి దించు."

"నువ్వుండవే. ఈడు నా మీద పాడతాడా?"

పాట కోడిపెట్ట ధర దాటి మేకపిల్ల ధర దగ్గరికి వచ్చేసరికి గణపతిరావు చల్లగా చేతులు జేబులో పెట్టుకున్నాడు. మూడోసారి అనేశారు. విజిలు కృపానిధి మెడలో పడింది.

సాయంత్రానికే మనసు మారింది. కానీ కోత పండుగలో పాడుకున్నది దేవుడి ఎదుట పాడుకున్నది. మేకపిల్లని తిరిగి ఇచ్చేస్తానంటే ఊరుకుంటారేమో గాని, మాటని తిరిగి తీసుకోరు. మళ్లీ కోత పండుగ దాకా అతనే కోచ్.

మొదటి ఆటకి గీత పక్కన నిలబడ్డప్పుడు తెలిసింది, కల్వర్టు నుంచి మైదానం ఎంత దగ్గరో. గుసగుస కూడా వినిపిస్తుంది. మేస్టారు పదకొండేళ్లూ ప్రతి మాటా విన్నాడన్నమాట.

"ఓ కోచ్ బాబూ! మెడలో విజిలా, తాయెత్తా?" గణపతిరావు గొంతు. "ఆడు ఎడం పక్కన ఖాళీగా ఉన్నాడు, నీ కళ్లకి అవుపడ్డం నేదేటి?"

అది తన తిట్టే. పదం కూడా మార్చలేదు. కృపానిధి చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు నాలుగు గోలులతో గెలిచారు. తరవాతి వారం ఐదు తిన్నారు. ఆ పై వారం సున్నా సున్నా. కోచ్ మారాడన్న కబురు జట్టుకి అందనట్టే ఉంది.

కల్వర్టు మీద తన ఏడో చోటు ఖాళీగానే ఉంచారు. ఆట మధ్యలో అటు చూసినప్పుడల్లా కృపానిధికి నోరూరేది. అక్కడ కూర్చుని తిట్టడం ఎంత సుఖం! ఏడాది గడిస్తే మళ్లీ అక్కడికి పోయి కూర్చోవాలి. అతనికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

మార్చిలో ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ లీలారాణి అంది, "ఈ సాయంత్రం మీవోలు ఐదు తింటారు."

"ప్రవచనమా?"

"చర్చిలో పాటలు పాడీవోల్ల బల్ల మీంచి నాకు అందరి మొహాలూ అవుపడతాయి. గోలు కాసే మీ గోలీ శాంతికుమారు ప్రసంగం మొదట్లోనే గురక పెట్టీసినాడు. ఎనకాడే ఆ నలుగురూ ఒకల మీద ఒకలు వాలిపోనారు. పోయిన నెల్లో ఇలా పడుకున్న ఆదివారం కూడా ఐదే కదా?"

కృపానిధి నవ్వి కొట్టిపారేశాడు. సాయంత్రం ఐదు తిన్నారు. ఐదోది శాంతికుమార్ కాళ్ల మధ్య నుంచి, అతన్ని లేపకుండా, మెల్లగా దొర్లిపోయింది.

ఇంటికొచ్చి క్యాలెండరు ముందు కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా మిల్లులో షిఫ్టులు మారుతున్న మనిషికి తట్టని విషయం అప్పుడు తట్టింది. పక్కపక్క మిషన్ల మీద పని చేసేవాళ్లు మైదానంలో కూడా పక్కపక్కనే ఆడతామని ఎప్పుడో పట్టుబట్టారు. అందుకని గోలీ, వెనక ఆడే నలుగురూ ఒక బ్యాచీ. ముందు ఆడేవాళ్లు ఇంకో బ్యాచీ. మధ్యలో ఆడేవాళ్లు కల్వర్టు వాళ్లతో కలిసి మూడో బ్యాచీ. రాత్రి షిఫ్టు వారానికొక బ్యాచీకి వస్తుంది. వెనకవాళ్లకి వచ్చిన వారం ఐదు తింటారు. ముందువాళ్లకి వచ్చిన వారం గోలు పడదు. మధ్యవాళ్లకి వస్తే గెలుస్తారు. ఎందుకంటే మధ్యలో ఆడేవాళ్లు మేలుకున్నా నిద్రపోయినా ఆ జట్టుకి తేడా ఉండదు.

పరుగున థామస్ మేస్టారింటికి పోయి చెప్పాడు. ఆయన టీ ఊదుకుంటూ విన్నాడు.

"నాకు రెండో ఏటే తెలిసింది కృపానిధీ."

"మరి సెప్పలేదేటండీ?"

"ఎవరికి చెప్పమంటావు? వాళ్లని రాత్రి పని తప్పించాలంటే పగటి బ్యాచీ వాళ్లు రాత్రికి మారాలి. పగటి బ్యాచీ అంటే ఎవరు? మీరే. నా మీద అరిచే నీ దగ్గరికొచ్చి, బాబ్బాబు, నా జట్టు కోసం ఆరు రాత్రులు మేలుకోమని అడగనా? నీళ్లు కూడా ఇచ్చేవాడివి కావు."

ఇచ్చేవాణ్ణి కానని కృపానిధికి తెలుసు.

ఈస్టరు కప్పు ఆఖరి ఆట అరసవల్లి ఆటో స్టాండు జట్టుతో పడింది, సొంత మైదానంలోనే. క్యాలెండరు చూస్తే ఆ వారం రాత్రి షిఫ్టు సరిగ్గా గోలీకీ, వెనకవాళ్లకీ. షిఫ్టు చూసే జగన్నాధం గారిని అడిగితే, ఐదుగురికి బదులు ఐదుగురు సంతకం పెడితే తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. కృపానిధి ముందుగా తన సంతకం పెట్టి, మిగతా నాలుగింటి కోసం కల్వర్టు దగ్గరికి పోయాడు.

"మేం రాత్రుళ్లు సెయ్యాలా? ఆలు పడుకోవాలా?" గణపతిరావు లేచి నిలబడ్డాడు. "నాకు పొద్దున్న పొలం ఎవులు సూస్తారు, నీ శాంతికుమారా?"

"బావా, ఇరవై రెండేళ్లు తిట్టినాం. ఒక్క వారం సాయం సేసి సూద్దాం. కప్పు మనదే."

"కాకపోతే?"

"నువ్వు సెప్పినట్టే."

గణపతిరావు ఆ ఖాళీ చోటు మీద అరిచెయ్యి వేశాడు. "అయితే ఇను. ఓడిపోతే ఇక్కడ నీకు సోటు నేదు. ఏడాది తరవాత కాదు, జన్మలో నేదు. సరేనా?"

కృపానిధి ఆ గుంట వైపు ఒకసారి చూశాడు. సరేనన్నాడు. ఇద్దరు వెంటనే సంతకం పెట్టారు, మూడోవాడు భార్యనడిగి వచ్చి పెట్టాడు. గణపతిరావు చివర్న, కాగితం చిరిగేంత గట్టిగా పెట్టాడు.

ఆ వారం గోలీ, నలుగురు వెనకవాళ్లు ఇంట్లో రాజుల్లా నిద్రపోయారు. శాంతికుమార్ బుగ్గలు నిండాయని వాళ్లమ్మ మురిసిపోయింది. ఐదుగురు పెద్దవాళ్లు, ముందు వారం తమ వంతు రాత్రుల మీద ఇంకో ఆరు రాత్రులు మిల్లులో పురికొస పేనారు. పగలు గణపతిరావు పొలంలో ఉండేవాడు. కృపానిధికి ఆట తలుచుకుంటే కన్ను మూతపడేది కాదు. ఆదివారం తెల్లారి గేటు బయటికొచ్చిన ఐదుగురినీ చూసి టీ కొట్టు తాతమ్మ, ఎవరు పోయారని అడిగింది.

నాలుగింటికి మైదానం నిండిపోయింది. కోచ్ కోసం టెంట్ హౌసు వాళ్లు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అదే కొంప ముంచింది. పదకొండేళ్లు మేస్టారు నిలబడే ఉన్నాడు. మూడు నెలలుగా కృపానిధీ నిలబడే ఉన్నాడు. ఆ రోజు కూర్చున్నాడు.

జట్టు రెక్కలు కట్టుకున్నట్టు ఆడింది. అరగంటలో రెండు గోలులు. కృపానిధి ఆ రెండూ చూశాడు. కుర్చీలో వెనక్కి ఆనుకుని, కళ్లు మూసుకుని, దేవుడికి స్తోత్రం చెప్పడం మొదలుపెట్టాడు. ఆ స్తోత్రం పూర్తి కాలేదు. సగం ఆటకి వచ్చిన ఆటగాళ్లు అతన్ని చూసి, ప్రార్థనలో ఉన్నాడనుకుని, అడుగుల చప్పుడు కూడా కాకుండా తిరిగి వెళ్లిపోయారు. కల్వర్టు మీద నలుగురు ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి ఉన్నారు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ మైదానంలో ఒక్క తిట్టు వినిపించలేదు.

ఆ నిశ్శబ్దంలో వెనకవాళ్లకి ధైర్యం వచ్చింది. ఒంట్లో బలముంది, నిద్ర మత్తు లేదు, వెనక్కి పొమ్మని అరిచే గొంతు లేదు. ముందు ఎడమవాడు గోలు కొడతానని పైకి పరుగెత్తాడు. తరవాత కుడివాడు. తరవాత మిగిలిన ఇద్దరూ. ఆఖరికి శాంతికుమార్ తనకూ ఒకటి కావాలని గోలు వదిలి మధ్యగీత దాకా వచ్చాడు. అరసవల్లి వాళ్లు గుడి ముందు ఆటోల మధ్య సందు చూసి దూరేవాళ్లు. ఇక్కడ రోడ్డంతా ఖాళీ. నాలుగు కొట్టారు.

నాలుగో గోలు కేకలకి కృపానిధి ఉలిక్కిపడి లేచాడు. అరసవల్లి వాళ్లు తెచ్చుకున్న బ్యాండు వినిపిస్తే గెలిచామనుకుని చప్పట్లు కొట్టాడు.

ఆట అయ్యాక కల్వర్టు దగ్గరికి పోయాడు. గణపతిరావు కళ్లు నులుముకుంటున్నాడు.

"నువ్వు పడుకున్నావు," అన్నాడు గణపతిరావు.

"నువ్వూ పడుకున్నావు బావా."

"నాను కోచ్‌ని కాదు." కాళ్లు బార్లా చాచి, ఏడో చోటు మీద పెట్టాడు. "మాటంటే మాటే."

మిగతావాళ్లు తలలు దించుకున్నారు గాని ఎవరూ జరగలేదు. కృపానిధి ఇంటి దారి పట్టాడు. కోత పండుగ దాకా ఆ విజిలు ఎలాగూ మెడలోనే ఉంటుంది. అది దిగిపోయాక తను ఎక్కడికి పోవాలో అతనికి తెలియలేదు.

తరవాతి ఆదివారానికి షిఫ్టులు మళ్లీ మామూలు దారిన పడ్డాయి. ఆ వారం రాత్రులు ముందువాళ్లవి. తన జట్టు గోలు కొట్టదని కృపానిధికి తెలుసు. తమ మీద గోలు పడకుండా చూసుకోవడమే అతనికి మిగిలిన పని. కుర్చీ తీయించేసి నిలబడ్డాడు.

కల్వర్టు మీద గణపతిరావు రెండు చోట్లు ఆక్రమించి కూర్చుని, వారం రోజుల కసి తీర్చుకుంటున్నాడు. "ఒరే ఎడమోడా, ముందుకెళ్తే కాళ్లిరగ్గొడతాను! ఓ నిద్ర కోచూ, కళ్లు తెరిసే ఉన్నావా?" అతను అరిచినంతసేపూ వెనక నలుగురూ గీసిన గీత మీద ఉన్నట్టు ఉన్నారు. కృపానిధి అది చూశాడు. మళ్లీ చూశాడు. మేస్టారు పదకొండేళ్లు నోరెత్తకుండా ఎందుకు నిలబడ్డాడో ఇప్పుడు అర్థమైంది.

రెండో సగంలో గణపతిరావు నీళ్ల సీసా ఎత్తాడు. కల్వర్టు చప్పబడింది. ఎడమవాడు అటూ ఇటూ చూసి, మెల్లగా రెండడుగులు ముందుకేశాడు. అరసవల్లి వాళ్లు కాకపోయినా అవతల కూడా సందు చూసేవాళ్లే ఉన్నారు.

కృపానిధి మెడలోని విజిలు సవరించుకుని, కల్వర్టు వైపు తిరిగి, నడుం మీద చేతులేసుకున్నాడు.

"ఏటి బావా, గొంతు ఎండిపోనాదా? నీకు ఆట గురించి ఏటి తెలుసని ఇంతసేపు అరిసినావు?"

గణపతిరావు సీసా కింద పడేసి లేచి నిలబడ్డాడు. మొదట కృపానిధి నిద్రని, తరవాత అతని కోచింగుని, ఆ తరవాత అతని ఏడు తరాల్నీ తిట్టాడు. రైల్వే స్టేషను దాకా వినిపించింది.

ఎడమవాడు గబగబా వెనక్కి వచ్చి తన చోటులో నిలబడ్డాడు.