ఆయన నవ్వు రెండు సెకన్లు ముందుండేది

టీవీ చెడిపోయిందని ఇంటి ఓనరు పెద్దాయన నన్ను మొదటిసారి పైకి పిలిచింది నవంబరులో, ఒక ఆదివారం మధ్యాహ్నం. టీవీ చెడిపోలేదు. రిమోట్‌లో ఇన్‌పుట్ మార్చే బటన్ మీద ఆయన వేలు పడింది, అంతే. నేను సరిచేయగానే తెర మీద ఒక లావుపాటి చర్చి ఫాదర్ హోటల్ స్నానాలగది కిటికీలో ఇరుక్కుని కనిపించాడు. తల లోపల, మిగతాదంతా బయట. బయట నిలబడ్డ పనిమనిషి ప్యాంటు పట్టుకుని లాగుతోంది. ఫాదర్ రాలేదు, ప్యాంటు వచ్చింది. పెద్దాయన సోఫా చేతి మీద గుద్దుతూ నవ్వారు. నేను గోడవైపు చూస్తూ నిలబడ్డాను.

అనంతపురంలో మా ఇంట్లో టీవీలో ఇలాంటిది వస్తే ఒకరికి దాహం వేస్తుంది, ఒకరికి ఫోన్ గుర్తొస్తుంది, నాన్న రిమోట్ కోసం దిండ్లు ఎత్తి చూస్తారు. ఇక్కడ మంచినీళ్లకని లేచి వెళ్లడానికి వంటిల్లు నాది కాదు.

“కూర్చో. ఇంకో నిమిషంలో బిషప్ వస్తాడు,” అన్నారు పెద్దాయన ఇంగ్లీషులో.

వచ్చాడు. నేను కూర్చున్నాను.

కెనడాలోని సార్నియాలో కాలేజీ నిండా మనవాళ్లే చేరిన సంవత్సరాలవి. ఊళ్లో బస్సులు తక్కువ. వచ్చే ఆ ఒక్క బస్సు కోసం నిలబడిన వరసలో తెలుగు వినపడని రోజు ఉండేది కాదు. అద్దెకు గది దొరకడం గగనం. నాకూ, నా కరీంనగర్ రూమ్మేట్‌కూ ఆ ఇంటి కింద బేస్‌మెంట్ దొరికిందంటే కారణం పెద్దాయన కూతురు. ఆమె బర్నబీలో ఉంటుంది, అంటే దేశానికి ఆ చివర. గది ఇచ్చే ముందు ఫోన్లో నాతో మాట్లాడింది. నాన్నకు మతిమరపు పెరుగుతోంది, ఆ ఇల్లు వదిలి రానంటున్నాడు, పైన ఏం జరుగుతోందో వారానికోసారి రాసి పంపగలవా అని అడిగింది. ఒప్పుకున్నాను. నేను చదువుతున్నది ఇన్‌స్ట్రుమెంటేషన్. షిఫ్ట్ లాగ్, అంటే డ్యూటీలో జరిగిందంతా టైముతో సహా రాసే చిట్టా, మాకు ఒక సబ్జెక్టు. మీటర్ ఏం చూపిందో రాయండి, మీకేమనిపించిందో రాయొద్దు అని మా ఇన్‌స్ట్రక్టర్ ప్రతి క్లాసులో చెప్పేవాడు.

పెద్దాయన తనకు కావలసిందేమిటో దాచుకోలేదు. ఇంగ్లండు ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడి కెమికల్ ప్లాంటుల్లో పైపు పని చేసి రిటైరయ్యారు. భార్య ఆ ఇంట్లోనే పోయింది. “నన్ను కూడా ఇక్కణ్ణుంచి శవంగానే బయటికి తియ్యాలి,” అని టీ కలుపుతూ చెప్పేవారు.

ఆయన దగ్గర నలభై ఒక్క డిస్కులు ఉండేవి. అన్నీ అలాంటి పాత బ్రిటిష్ కామెడీ సినిమాలే. రెండో ఆదివారానికి వాటికి జాబితా తయారుచేశాను: నిడివి, కథ జరిగే చోటు, ప్యాంట్లు జారిన లెక్క. ఆసుపత్రులు పన్నెండు, హోటళ్లు తొమ్మిది, సైనిక శిబిరాలు ఏడు, మిగిలినవి చిల్లర. సంభాషణల్లో సగం నాకు మొదట్లో అర్థమయ్యేవి కావు. అర్థమయ్యాక తెలిసింది, అన్నిట్లో ఒకే కథ. మగవాళ్లందరికీ ఒకటే కోరిక, అది ఎవరికీ తీరదు. మంచం దాకా చేరేసరికి గంట మోగుతుంది, లేదా తలుపు తెరుచుకుని పెద్ద నర్సు నిలబడి ఉంటుంది. బూతంతా మాటల్లోనూ కనుబొమల్లోనూ ఉండటమే తప్ప, సినిమా అయ్యేసరికి ఎవరికీ ఏమీ జరిగి ఉండదు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. గోడౌన్‌లో అట్టపెట్టెలు మోసి వచ్చి ఇంకో మగవాడి గురక వింటూ పడుకునేవాణ్ణి. నా బతుక్కి ఇంత దగ్గరగా ఉన్న సినిమా మన భాషలో నేను చూడలేదు. మన హీరోకి ఇంటర్వెల్ లోపే అన్నీ దొరుకుతాయి.

మా అవ్వ కూడా గుర్తొచ్చేది. ఊళ్లో తోలుబొమ్మలాటలో సీతమ్మ ఏడుస్తుండగా మధ్యలో ఒక మొగుడూ పెళ్లామూ వచ్చి చెప్పుకోరాని మాటలన్నీ అనుకునేవాళ్లు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వేది. ఆ నవ్వే ఈ సోఫాలో మళ్లీ విన్నాను.

అయితే ఆడవాళ్ల పట్ల ఆ సినిమాల తీరు నాకు ఇప్పటికీ ఇబ్బందే. అందంగా ఉన్న అమ్మాయికి మాటలుండవు. మాటలున్న ఆవిణ్ణి చూసి అందరూ పారిపోతారు. ఒకసారి ఆ మాటే అన్నాను. పెద్దాయన కాదనలేదు. “మా ఆవిడ ఎప్పుడూ పెద్ద నర్సు పక్షమే. ఆ నర్సు ఎవణ్ణయినా తంతే లేచి నిలబడి చప్పట్లు కొట్టేది,” అన్నారు.

నా రూమ్మేట్ పైకి రమ్మంటే వచ్చేవాడు కాదు.

“ఏం రా, ముసలాయనతోని కూసోని బూతు సినిమాలు సూసుడేనా? మీ నాయినకు ఫోన్ కొట్టాల్నా?”

“ఆయన ఎట్లున్నాడో చూసి రాయాల కదప్పా.”

“ఆయన మంచిగనే ఉన్నడు. సెడింది నువ్వే.”

జనవరిలో ఒక సంగతి గమనించాను. పెద్దాయన జోకు వచ్చాక నవ్వరు, రాకముందే నవ్వుతారు. ఫోన్ స్టాప్‌వాచ్‌తో కొలిస్తే తేడా సుమారు రెండు సెకన్లు. ఉదయం ఏం తిన్నారో గుర్తులేని మనిషికి, ఫాదర్ ప్యాంటు ఎప్పుడు ఊడుతుందో రెండు సెకన్ల ముందే తెలుసు. ఆయన లోపల పనిచేస్తున్న భాగం ఎంతో ఉందనడానికి అదే రుజువు అనుకున్నాను. ఆ కొలతలు పట్టికగా వేసి లాగ్‌లో చేర్చాను. కూతురికి అది చూస్తే ధైర్యం వస్తుందనే చేర్చాను. కానీ ఆ మాట రాయలేదు. అంకెలు రాసి వదిలేశాను.

మిగతావి కూడా రాశాను. లాగ్ అన్నాక వదలకూడదు. ఖాళీ గిన్నె కింద స్టవ్ వెలుగుతూ ఉండటం, మూడుసార్లు. మంచు కురిసే రోజు చెప్పుల్లేకుండా వాకిట్లో నిలబడటం, ఒకసారి. ఒకే సినిమాను ఒకే రోజు నాలుగుసార్లు పెట్టడం. ఫిబ్రవరి చివరికి నవ్వు జోకుతోపాటు రావడం మొదలైంది. మార్చిలో వెనకబడింది, మొదట ఒక సెకను, తర్వాత మూడు. చివరి వారం కిటికీ సీను వస్తుండగా “ఎవరు వీడు? పాపం, ఎవరైనా బయటికి తియ్యండి,” అన్నారు. అదీ రాశాను, టైముతో సహా.

ఏప్రిల్‌లో కూతురు వచ్చింది. వెంట, వృద్ధులు ఒంటరిగా ఉండగలరో లేదో తేల్చే ఒక ఉద్యోగిని. వంటింటి బల్ల మీద నా ఇరవై వారాల లాగ్ ప్రింట్ తీసి పెట్టి ఉంది. ఆ ఉద్యోగిని నన్ను మెచ్చుకుంది. “కుటుంబాలు ఏమీ గుర్తుపెట్టుకోవు. మీరు తేదీలతో సహా ఇచ్చారు. నా పని సగం అయిపోయింది.”

అప్పుడు నేను నోరు తెరిచాను. స్టవ్‌కి దానంతటదే ఆగే టైమర్ పెట్టొచ్చు, వీధి తలుపుకి అలారం పెట్టొచ్చు, మేమిద్దరం క్లాసుల్ని బట్టి వంతులు వేసుకుంటాం, ఆయన ఇక్కడే ఉండగలరు అన్నాను.

ఉద్యోగిని కాగితాలు వెనక్కి తిప్పి చూసింది. “ఆయన ఇక్కడ ఉండగలరని మీకు ఇదివరకే అనిపించిందా?”

“అనిపించింది.”

“ఇందులో ఎక్కడా లేదే.”

కూతురు నావైపు చూడలేదు. “నువ్వు ఒక్క వారం ఆ మాట రాసినా నేను నమ్మేదాన్ని. ఇది చదివి చదివి నాకు నిద్ర పట్టడం మానేసింది,” అంది.

పెద్దాయన తన గురించి నేనేం రాశానో చూపించమని పట్టుబట్టారు. ఆ రోజు తెరిపిగా ఉన్నారు. కళ్లద్దాలు పెట్టుకుని ప్రతి పేజీ చదివారు. స్టవ్ సంగతి రాసిన చోట చదివి పేజీ తిప్పారు. పట్టిక దగ్గర ఆగి వేలితో అంకెల మీద నడిచారు.

“నేనెప్పుడు నవ్వానో అంతా ఉంది. నువ్వెప్పుడు నవ్వావో లేదే?”

“నేను మీటర్ చూస్తున్నాను అంకుల్.”

ఆయన తల ఊపారు. జీవితమంతా ప్లాంటుల్లో గడిపిన మనిషి, ఆయనకు ఆ జవాబు సరిపోయింది. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మే నెలలో ఆయన్ను ఊరి చివర వృద్ధాశ్రమానికి తీసుకెళ్లారు. కారు ఎక్కేటప్పుడు ఆయన డాక్టరు దగ్గరికి అనుకున్నారు. ఇల్లు అమ్మకానికి పెట్టారు. మా సామాను కట్టుకుంటుంటే రూమ్మేట్ అన్నాడు: “మంచిగ రాసినవ్ రా. ఆయనకు ఇల్లు లేకుంట జేసినవ్, మనకు లేకుంట జేసినవ్. ఇగ నా గురించి మాత్రం ఎవ్వలికీ ఏం రాయకు.” నవ్వుతూ మొదలుపెట్టాడు గానీ చివరిదాకా నవ్వలేదు.

ఆశ్రమంలో అందరూ కూర్చునే హాల్లో ఆ డిస్కులు పెట్టనివ్వలేదు. ఒకావిడ ఫిర్యాదు చేసిందట. అందుకని ప్రతి ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని ఆయన గదికే వెళ్లేవాణ్ణి. నేనెవరో ఆయనకు తెలిసేది కాదు, కానీ పక్కన చోటు ఇచ్చేవారు. తెర మీద ఎవరు పడినా నేనే నవ్వేవాణ్ణి, గట్టిగా. ఆయన నా మొహం చూసి, కాసేపటికి మర్యాదకు చిన్నగా నవ్వేవారు. నేను కొలవడం మానేశాను.

ప్రతిసారీ పది నిమిషాలకోసారి అడిగేవారు. “మనం ఇంటికెప్పుడు వెళ్దాం?”

“సినిమా అయ్యాక అంకుల్.”

ఆ జవాబుతో ఆయన కుదుటపడేవారు. కోటు తెచ్చి ఒళ్లో పెట్టుకునేవారు. వేసవిలో కూడా. ఆదివారాలు ఆ వైపు చివరి బస్సు ఐదున్నరకు. అది వచ్చేసరికి సినిమా ఇంకా పావుగంట మిగిలి ఉండేలా లెక్క చూసుకుని మొదలుపెట్టేవాణ్ణి. కోటు మీద చేతులు పెట్టుకుని ఆయన తెర వైపు చూస్తుండగా చప్పుడు చేయకుండా లేచి, నా పాత ల్యాప్‌టాప్ అక్కడే ఆడుతుండగా వదిలేసి వచ్చేసేవాణ్ణి. దాన్ని సోమవారం నర్సు ఆఫీసులో తీసుకునేవాణ్ణి.